కోతకని కట్టిన పాట

ఏమన్నావు? పిరికివాడా? ఎవరన్నారే ఆ మాట? రేడియోలోనా? ఆఁ, రేడియోలో అన్నారంటే ఇంకేం, రాసిపెట్టుకో! కట్టెయ్ ఆ పెట్టె. ఇటొచ్చి కూర్చో. అక్కడ కాదే, ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, బాగుచేస్తా బాగుచేస్తా అంటూ మీ నాన్న నాకు ముసలితనం తెచ్చిపెట్టాడు. మంచం మీద కూర్చో. మాస్టారు పిరికివాడని చెప్పిన ఆ పెద్దమనిషి గొంతు విన్నావా, జలుబు చేసిన పిల్లిలాగా ముక్కులోంచి మాట్లాడుతున్నాడు. మాస్టారు పోయేనాటికి వాడు పుట్టనైనా పుట్టాడో లేదో. మొన్న ఇంకొకడెవడో పేపర్లో ఆయన సింహం, మహావీరుడు అని రాశాడట, మీ అమ్మ చదివి వినిపించింది. సింహమట! కుక్క మొరిగితే రోడ్డు దాటి అవతలి పక్కనుంచి పోయే మనిషి. వీళ్ళిద్దరినీ ఒక గదిలో వేసి తాళం పెట్టాలి, ఎవరు మిగిలితే వాడి మాట నమ్ముదాం. సరే, నేను చెప్తా విను. మధ్యలో అడ్డం రాకు, నాకు దారి తప్పుతుంది.

అప్పట్లో నేను నూలు మిల్లులో ఉన్నాను, తెలుసుగా. ఆ మిషన్ల చప్పుడులో మాట్లాడాలంటే అరవాలి, పాడాలంటే ఇంకా అరవాలి. అయినా పాడేవాళ్ళం. పాడకపోతే కునుకొస్తుంది, కునుకొస్తే వేళ్ళు పోతాయి. అలాంటిచోటికి ఒకరోజు రేడియో వాళ్ళు దిగారు. కష్టజీవుల గొంతులతో కోరస్ పెట్టమని పైనుంచి ఆర్డరట. పాటలు కట్టే మాస్టారు వాళ్ళతోనే వచ్చారు. మా అందర్నీ భోజనాల గదిలో నిలబెట్టి, ఒక్కొక్కరినే పాడమన్నారు. నేను పాడాను. మాస్టారు రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. ఒట్టు! మూసుకుని, "అమ్మా, నేను ఇక్కడే ఉన్నాను, నీ ఎదురుగానే. అవతలి ఊళ్ళో లేను" అన్నారు. అంతా పకపకా నవ్వారు. ఆ పూటనుంచి నా పేరు మిల్లు. అమ్మా నాన్నా పెట్టిన పేరు గాలికి పోయింది. "మిల్లూ, కాస్త తగ్గు. మిల్లూ, అంత పైకి లాగకు, అది గొంతు, దారం కాదు." అయినా నన్నే తీసుకున్నారు, చూశావా! నవ్వినవాళ్ళని చాలామందిని ఇంటికి పంపేశారు. నవ్వినవాళ్ళలో చిలక అని ఒకతి ఉండేది, పై వరస పాడేది. దాన్ని నేను ఇంతవరకూ క్షమించలేదు. అది పోయిందన్నారు, పోతే పోనీ, నేను మాత్రం క్షమించలేదు.

నాకు చదువు రాదు కదా. స్వరాల కాగితం ఇస్తే ఈగలు వాలిన గోడలాగా కనిపించేది. అందుకని నా వరస నాకు చెవిలో పోయాల్సిందే. పని దిగి మాస్టారి ఇంటికి వెళ్ళేదాన్ని. ఇల్లంటే ఏముంది, రెండు గదులు. ఒక గదంతా పియానోయే, దాని పక్కనుంచి పోవాలంటే ఒళ్ళు అడ్డంగా తిప్పుకోవాలి. మాస్టారి భార్య, నేను అక్కా అనేదాన్ని, ఆ పియానో మూత మీదే కూరగాయలు తరిగేది. ఆయన ఒకపక్క వాయిస్తున్నా సరే, తరిగేది. ఆవిడ మంచిది. మాట కొంచెం కటువు, నాలాగే. ఆ ఇంట్లో ఆయన పాటలు రాయడం నేను కళ్ళారా చూశాను. రాయడం అనకూడదు, చెరపడం అనాలి. ఒక గీత రాస్తారు. ఎదురుగా ఖాళీ కుర్చీ ఉండేది, దానివంక చూస్తారు. చెరిపేస్తారు. మళ్ళీ రాస్తారు. మళ్ళీ కుర్చీ వంక చూపు, మళ్ళీ చెరుపు. ఉండబట్టలేక ఒకరోజు "ఆ కుర్చీలో ఎవరున్నారు మాస్టారూ?" అని అడిగేశాను. అక్కే లోపలినుంచి అందుకుంది: "ఎవరుంటారు, కత్తెర! మా ఇంట్లో భోజనం చెయ్యడు, నీళ్ళు ముట్టడు, పొద్దస్తమానం అక్కడే కూర్చుంటాడు. సొంత అల్లుడైనా ఇన్నాళ్ళు తిష్ట వెయ్యడు!" అని. ఇంకా అనేది, "ఈ ఇంట్లో దుమ్ముకన్నా రబ్బరు పొట్టే ఎక్కువ ఊడ్చాను" అని. నిజమే, నా చెప్పులకి కూడా అంటుకునేది.

కత్తెర ఎవరో చెప్పలేదు కదూ? అప్పట్లో ఎవరు పాట కట్టినా, జనం వినకముందు ఒక సంఘం వినేది. రేడియో భవనంలో పై అంతస్తు గది. పొడుగాటి బల్ల, దానిమీద ఆకుపచ్చ గుడ్డ, నీళ్ళ గ్లాసుల మీద కాగితం మూతలు, కిటికీలన్నీ బిగించి ఉండేవి. మేం గోడవార నిలబడాలి, పియానో ఒక్కటే తోడు. ఆ సంఘానికి పెద్ద, మేం పెట్టుకున్న పేరు కత్తెర. సన్నగా, పొడుగ్గా, జేబురుమాలుతో కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండేవాడు. ఒక్కనాడు గొంతెత్తి అరవలేదు. "ఈ ముక్క జనానికి దేనికండీ?" అనేవాడు, మెత్తగా, దూదిలో సూదిలాగా. అంతే, ఆ ముక్క పోయేది. పోతే పాటే కదా పోయేది అనుకుంటావు నువ్వు. అలా కాదే. మాస్టారికి ఒక గురువు ఉండేవాడు. ఆయన కట్టిన పాటలో దుఃఖం ఎక్కువైందని సంఘం పట్టుకుంది, అందరూ సుఖంగా ఉంటే దుఃఖం ఎవరిదీ అని అడిగారు. ఆయన "నాది" అన్నాడు. మర్నాటికి కచేరీల హాలు గుమ్మంలో, పాటలు కట్టేవాళ్ళ పేర్లుండే బోర్డు మీద ఆయన పేరు లేదు. పేరున్నచోట రంగు కొత్తగా ఉంది, అంతే. జైలూ లేదు, దెబ్బలూ లేవు. మనిషి ఉండగానే లేడన్నారు. పియానోలు శ్రుతి చేసుకుంటూ ఇల్లిల్లూ తిరిగాడు పాపం. ఒకసారి మేం హాలు నుంచి వస్తుంటే ఎదురుగా వచ్చాడు. మాస్టారు తల దించుకుని పక్కనుంచి వెళ్ళిపోయారు. నేను పక్కనే ఉన్నాను. ఆ ముసలాయన పల్లెత్తు మాటనలేదు, టోపీ మాత్రం తీశాడు. ఇంటికెళ్ళి మాస్టారు ముద్ద ముట్టలేదని అక్క చెప్పింది. అదీ భయమంటే. అరుపూ గోలా ఉన్నది కాదు, కొత్త రంగు వాసన వేసేది.

ఇంతకీ ఎక్కడున్నాను? ఆఁ, కత్తెర. ఆ సంఘానికి ఒక జబ్బుండేది. ఎంత మంచి పాట తెచ్చినా ఏదో ఒక ముక్క కొయ్యాల్సిందే. కొయ్యకపోతే మీరు కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్నారా అని పైవాళ్ళు అడగరూ? ఇది కనిపెట్టి పాటలు కట్టేవాళ్ళు ఒక కిటుకు పట్టారు. పాట మధ్యలో కావాలనే ఒక వంకర ముక్క పెట్టేవాళ్ళు. దానికి దిష్టిచుక్క అని పేరు. కత్తెర కన్ను నేరుగా దానిమీదే పడాలి, దాన్ని కోసి తృప్తిగా మంచినీళ్ళు తాగాలి, తక్కిన పాట క్షేమంగా బయటపడాలి. ఒకాయన ఉత్తినే డోళ్ళ మోత పెట్టేవాడు. బాకాలాయన అని మాస్టారి స్నేహితుడు ఉండేవాడు, ఆయన బాకాలన్నిటితో గాడిద అరుపు అరిపించేవాడు. మేం నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం. మాస్టారూ పెట్టేవారు దిష్టిచుక్క. అయితే ఆయన చేసిన పొరపాటేమిటంటే, దిష్టిచుక్క ఎవరైనా మసితో పెడతారు, ఈయన కస్తూరితో పెట్టేవారు. చెడ్డగా కట్టడం ఆయనకి చేతకాదు! నిజంగానే చేతకాదు. బాకాలాయన తిట్టేవాడు, "ఓరి అమాయకుడా, ఎరగా ఎవరైనా బంగారు చేపని గుచ్చుతారా? రెండు డోళ్ళు పెట్టి దబదబా కొట్టించి ఊరుకోక!" అని. మాస్టారు సిగ్గుపడి నవ్వేవారు.

అప్పుడు ఆయన రాయడం చూడాల్సింది. ఎలాగూ కోసేస్తారు కదా, ఇంక ఎవరికి భయపడాలి? కుర్చీ వంక చూసేవారు కాదు. రబ్బరు పక్కన పడుండేది. పెన్సిలు ఆగేది కాదు, పక్కన మనిషున్నట్టు కూడా తెలిసేది కాదు. అక్క తరగడం ఆపేసేది. ఎంత పనిలో ఉన్నా ఆపేసేది, చేతిలో కత్తి అలాగే ఉండేది. ఆ ముక్కలన్నీ ఆడగొంతులకే రాసేవారు, మూడు వరసలు. మాట ఉండేది కాదు. "మాటుంటే మాటని పట్టుకుని అర్థం లాగుతారు, ఊరికే ఆ అని పాడండి" అనేవారు. నాది నడిమి వరస. నా పక్కన నిలబడి నా చెవిలో సన్నగా పాడేవారు, పట్టుకునేదాకా. ఎలా ఉండేదని అడిగితే... ఎలా చెప్పను తల్లీ. ఇంట్లో ఎవరూ లేరనుకుని మనిషి తనలో తాను మాట్లాడుకుంటాడు చూడు, అలా ఉండేది. విన్నవాళ్ళకి తలుపు వెనక నిలబడి వింటున్నట్టు ఉండేది. తీసుకెళ్ళి కత్తెర ముందు పాడేవాళ్ళం. కత్తెర కళ్ళజోడు తుడుచుకుని, "ఇంకోసారి పాడండి" అనేవాడు. ఇంకోసారి పాడేవాళ్ళం. అప్పుడు, "ఈ ముక్క జనానికి దేనికండీ?" పోయె! ప్రతి పాటకీ ఇదే తంతు. తప్పు వెతకడానికి రెండోసారి పాడిస్తున్నాడని మేం వాడి ఏడు తరాలనీ తిట్టుకుంటూ మెట్లు దిగేవాళ్ళం.

అలా ఏళ్ళు గడిచాయి. మీ నాన్న పుట్టాడు, నేను మిల్లు మానేశాను, జుట్టు నెరిసింది. అప్పుడొచ్చింది వంతెన. నది మీద కొత్త వంతెన, దాని ప్రారంభానికి దేశం మొత్తానికి పెద్ద తలకాయ వస్తాడు, ఆయన ముందు పాడే పాట మాస్టారు కట్టాలి. పేరు బోర్డు మీద నిలిచినా దాంతోనే, చెరిగినా దాంతోనే. మాస్టారు చిక్కి సగమయ్యారు. పాట అంతా కొయ్యబారిపోయింది, వంతెనలాగే, ఇనుమూ సిమెంటూ. మధ్యలో మాత్రం మా ముక్క పెట్టారు. అంతకుముందు పెట్టినవన్నీ కలిపినా దాని కాలిగోటికి సరిపోవు. ఇంత పెద్ద పాటకి ఇంత పెద్ద దిష్టిచుక్క ఉండాలి కదా అన్నారు. సంఘం ముందు పాడాం. "ఇంకోసారి" అన్నాడు కత్తెర. పాడాం. ఆపైన చాలాసేపు బల్లమీది ఆకుపచ్చ గుడ్డనే చూస్తూ కూర్చున్నాడు. మిగతావాళ్ళు ఆయన మొహం చూస్తున్నారు. చివరికి, "బాగుంది. ఏమీ కొయ్యక్కర్లేదు" అన్నాడు.

మేం ఎగిరి గంతేశాం! చిలక నన్ను కావలించుకుంది, నేనూ ఊరుకున్నాను, ఆ ఒక్కపూట. మాస్టారి మొహం చూస్తే సున్నం కొట్టినట్టుంది. అందరూ మెట్లు దిగుతుంటే నాకు చెప్పు తెగి వెనకబడ్డాను. వరండా మూల మలుపులో మాస్టారు కత్తెర చెయ్యి పట్టుకుని బతిమాలుతున్నారు. "అయ్యా, ఏదో ఒకటి కొయ్యండి. మీరు కొయ్యని పాట ఇంతవరకూ ఒక్కటీ బయటికి పోలేదు. రేపు పైవాళ్ళు ఇదేమిటని అడిగితే నేనేం చెప్పను?" అని. అమ్మనీ! పాట కొయ్యమని పాట కట్టినవాడే అడగడం నేనెక్కడా వినలేదు. కత్తెర ఏమన్నాడనుకున్నావు? ఆ మెత్తని గొంతుతోనే, "మాస్టారూ, ఇన్నేళ్ళూ మీరు తెచ్చినవాటిలో వినాల్సింది ఏదో నాకు తెలియదనుకున్నారా? దాన్నే కోశాను, ప్రతిసారీ. అందుకే రెండోసారి పాడించుకునేవాణ్ణి. ఈ నెలతో నా ఉద్యోగం అయిపోతుంది. దీన్ని మాత్రం నేను కొయ్యలేను. కావాలంటే మీ చేత్తో మీరే కోసుకోండి" అని చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయాడు. నేను తెగిన చెప్పు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఏడు తరాలనీ తిట్టిన నోరు, ఏం చెయ్యను?

మాస్టారు కోశారు. విన్నావా? ఎవరూ కొయ్యమనలేదు, ఆయనే కోశారు. ఆ రేడియోవాడు చెప్పింది అంతవరకూ నిజం. మర్నాడు సాధనలో "ఈ ముక్క తీసేస్తున్నాను" అనగానే ఆడవాళ్ళంతా కందిరీగల్లా లేచారు. నేనైతే ఊరుకోలేదు. "మిల్లులో దారం తెగితే ముడేస్తాం మాస్టారూ, మా చేత్తో మేం తెంపుకోం" అన్నాను, అందరిముందూ. ఆయన కోప్పడలేదు. "ఇన్నాళ్ళూ నా భయం కత్తెర మోశాడు మిల్లూ. ఇప్పుడు నా భుజం మీద పెట్టి పోయాడు. చాలా బరువుంది" అన్నారు.

అందరి కాగితాలూ తెప్పించుకుని రబ్బరుతో ఒక్కొక్కటీ ఆయనే చెరిపారు. చెరిపాక మొదలైంది అసలు తిప్పలు. ఈ గట్టునుంచి ఆ గట్టుకి కలపాలి కదా, మధ్య ముక్క లేకుండా? కలవదే! ఏదో నాలుగు స్వరాలు వేసి కుట్టి చూశారు, అబద్ధంలా ఉంది. డోలు పెట్టి చూశారు, అబద్ధమే. రోజూ కొత్త అతుకు తెచ్చేవారు, వాయించి, ఛీ అని చింపేసేవారు. భయం సంగతి భయానిదే, ఆయన చెవి ముందు మాత్రం అబద్ధం నిలవలేదు. చివరికి ఒకరోజు వచ్చి, "అతకడం నావల్ల కాదు. ఆ చోటు ఖాళీగా వదిలేస్తున్నాను, ఎంతసేపు పాట ఉండేదో అంతసేపూ" అన్నారు. "నేను చెయ్యి ఊపుతూనే ఉంటాను. మీరు పాడొద్దు. ఊపిరి మాత్రం పాడినట్టే తియ్యండి, ఎక్కడెక్కడ తియ్యాలో అక్కడే. లేకపోతే అవతలి గట్టున అందరూ ఒక్కసారి దిగలేరు" అన్నారు. అదీ సంగతి. ఇందులో సింహమూ లేదు, నక్కా లేదు. మమ్మల్ని సరిగ్గా దింపడానికి చెప్పిన మాట అది.

ఆ మధ్యాహ్నం నది ఒడ్డు హాలు కిటకిటలాడింది. ముందు వరసలో పెద్ద తలకాయ, ఆయన చుట్టూ నల్లకోట్లు. వెనక నాలుగో వరసలో అంచున కత్తెర, ఉద్యోగం అయిపోయిన మనిషి, ఎవరూ పలకరించలేదు. పాట ఎత్తుకున్నాం. ఇనుమూ సిమెంటూ దడదడలాడించాం. ఆ చోటు వచ్చింది. వాద్యాలన్నీ ఒక్క వేటుతో ఆగిపోయాయి. మాస్టారి చెయ్యి మాత్రం ఆగలేదు. మెల్లిగా, పసిపిల్ల తల నిమిరినట్టు కదులుతోంది. హాల్లో దగ్గు లేదు, కుర్చీ చప్పుడు లేదు. మేం ఊపిరి తీశాం. అంతమంది ఆడవాళ్ళం ఒక్కసారి ఊపిరి తీస్తే ఎలా ఉంటుందో నీకు తెలుసా? ఏదో పెద్ద ప్రాణి చీకట్లో పక్కన పడుకుని ఉన్నట్టు. మళ్ళీ తీశాం. పాట లోపల నడుస్తోంది, బయటికి రావట్లేదు, అంతే తేడా. పెద్ద తలకాయ అటూ ఇటూ చూశాడు. వంతెన కట్టేటప్పుడు నీళ్ళలో పోయినవాళ్ళ కోసమనుకున్నాడో, ఇంకేమనుకున్నాడో ఆయనకే తెలియాలి. లేచి నిలబడ్డాడు! పెద్దాయన లేస్తే నల్లకోట్లు కూర్చుంటారా? లేచారు. హాలు మొత్తం లేచింది. ఎవరికోసం లేచారో ఒక్కడికీ తెలియదు, తల వంచుకుని నిలబడ్డారు. ఎవరూ పాడని పాటకి! అందరూ తలలు వంచారు, ఒక్క కత్తెర తల మాత్రం ఎత్తి ఉంది, కళ్ళు మూసుకుని ఉన్నాడు. మేం ఊపిరి తీసిన ప్రతిచోటా ఆయన కూడా తీస్తున్నాడు. ఎక్కడా తప్పలేదు. రెండుసార్లు విన్నాడు, అంతేగా!

ఇప్పుడు చెప్పు, పిరికివాడా, సింహమా? పిరికివాడేనే. నేను కాదనను. ఆ సాయంత్రం పెద్ద తలకాయ వచ్చి వీపు తడితే ఆయన మోకాళ్ళు టకటకా కొట్టుకున్నాయి, పక్కనుండి చూశాను. కానీ అంత భయంతో వణికే చెయ్యి ఆ కాసేపూ వణకలేదు. దానికి పేరేమిటో నాకు తెలియదు, ఆ ముక్కుగొంతువాడికి అసలే తెలియదు.

తర్వాత ఏమైందంటే, మేం బట్టలు మార్చుకునే గదిలో ఉన్నాం. సగంమంది ఏడుస్తున్నారు. నేను ఏడవలేదు. మాస్టారు గుమ్మంలో నిలబడి, నేరుగా నావంకే చూసి, "మిల్లూ, మూడోచోట ఊపిరి ఆలస్యంగా తీశావు" అన్నారు! అంతమందిలో, అంత పెద్ద హాల్లో, నా ఒక్కదాని ఊపిరి! అంటే ఆ చెవిలో పాట ఒక్క క్షణం ఆగలేదన్నమాట. మూడు వరసలూ విన్నాడు మహానుభావుడు, ఎవరి వరస వారిది, విడివిడిగా. అలాంటి చెవి నేను మళ్ళీ చూడలేదు, ఇంక చూడను. కానీ నేను ఆలస్యం చెయ్యలేదు! ఆ మాట మాత్రం ఒప్పుకోను. చిలకే తొందరపడింది. ఆ మాట ఆయనతో అన్నాను కూడా, "మిల్లూ, నీతో వాదించేవాడు పుట్టలేదు" అని వెళ్ళిపోయారు. నువ్వే చెప్పు, ఎవరిది తప్పో. పాడమని అడక్కు, పాడను, నా ఒక్క వరసతో అది పాట కాదు. ఊపిరి ఎక్కడ తియ్యాలో చూపిస్తా. ఇదిగో, నా చెయ్యి చూడు, ఇలా లేస్తుంది. ఇక్కడ మొదటిది. ఊఁ. ఇప్పుడిలా దిగుతుంది, నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా, ఇక్కడ రెండోది. మాట్లాడకు. ఇంకా ఉంది, ఇంకా ఉంది, చిలక ఇక్కడే తొందరపడుతుంది, నేను మాత్రం పట్టుకునే ఉంటాను, పట్టుకునే ఉంటాను, ఇదిగో, ఇప్పుడు...